వినోదములందు హింస, శృంగారము – శ్రావకుని తూనిక

జైన గృహమున పుట్టిన బిడ్డ అక్షరములు నేర్వకమునుపే కొన్ని నియమములు నేర్చుకొనును. నీటిని వడగట్టి త్రాగవలయును. ప్రొద్దు గ్రుంకకముందే భుజింపవలయును. త్రోవలో చీమలబారు కనబడినచో అడుగు తప్పించి నడువవలయును. ఈ నియమములకెల్ల మూలము ఒక్కటియే: మన అజాగ్రత్తవలన ఏ ప్రాణికిని బాధ కలుగరాదు.

అట్టి బిడ్డయే సాయంకాల భోజనమైన పిమ్మట ఇంటిల్లిపాదితో కూడి తెరయెదుట కూర్చుండును. కథానాయకుడు ఇరువదిమందిని నరికి కూల్చుచుండగా చప్పట్లు కొట్టును. పెద్దలు చూచి మురిసిపోవుదురు. కొంతసేపటికి అదే తెరమీద నాయికానాయకులు ముద్దు పెట్టుకొనబోవుదురు. వెంటనే తండ్రి దగ్గును. తల్లి మంచినీళ్లు తెమ్మని బిడ్డను లోపలికి పంపును. ఎవరో ఒకరు ఛానలు మార్చుదురు.

ఇందులో రెండవ నడవడిని తప్పుపట్టవలసిన పనిలేదు. వయస్సునెరిగి పిల్లలను శృంగార దృశ్యములకు దూరముంచుట పెద్దల ధర్మమే. ప్రశ్న మొదటి నడవడిని గూర్చినది. అణువ్రతములు ఐదు: అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము. నాలుగవ వ్రతమునకు భంగము వాటిల్లునేమోయని అంతగా కంగారుపడు ఇల్లు, మొదటి వ్రతము కంటియెదుట నూరుమార్లు నలిగిపోవుచుండగా ఏల నవ్వుచున్నది?

1. లోకము తూచు తీరు

ఈ వైపరీత్యము మన ఇండ్లలో మాత్రమే కలదనుకొనరాదు. లోకమంతటను చట్టములు చేయువారికి, న్యాయమూర్తులకు సైతము ఇది చిక్కు సమస్యయైనది.

అమెరికా దేశపు ఉదాహరణము తీసికొందము. పదునేడేండ్లలోపు పిల్లలకు నగ్నచిత్రములుగల పత్రికలను అమ్మరాదను న్యూయార్కు రాష్ట్ర చట్టము చెల్లునని 1968లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2005లో కాలిఫోర్నియా రాష్ట్రము మరియొక చట్టము చేసెను. క్రూరమైన హింసతో నిండిన వీడియో ఆటలను పదునెనిమిదేండ్లలోపు పిల్లలకు అమ్మరాదని దాని సారాంశము. 2011లో అదే సుప్రీంకోర్టు ఈ రెండవ చట్టము చెల్లదనెను. ఏడుగురు న్యాయమూర్తులు చెల్లదనిరి, ఇద్దరు భేదించిరి. పిల్లలకు చెప్పు పాత కథలలోనే హింస కావలసినంత కలదనియు, పిల్లలకు హింసాచిత్రణ అందకుండ ఆపు సంప్రదాయము ఆ దేశమున ఎన్నడును లేదనియు అధికసంఖ్యాకుల వాదము. భేదించినవారిలో ఒకరైన జస్టిస్ బ్రేయర్ ఒక సూటియైన ప్రశ్న వేసిరి. పదమూడేండ్ల బాలునికి నగ్నస్త్రీ బొమ్మగల పత్రికను అమ్ముట నేరమగునప్పుడు, అట్టి స్త్రీనే కట్టివేసి, చిత్రవధచేసి చంపునట్లు ఆ బాలుడే తన చేతులతో ఆడు ఆటను అమ్ముట నేరము కాకపోవుట ఏమి న్యాయమని ఆ ప్రశ్న తాత్పర్యము.

మన దేశమునందలి స్థితి కొంత వేరు. 1952 నాటి సినిమాటోగ్రాఫు చట్టము క్రింద 1991లో ప్రకటింపబడిన మార్గదర్శక సూత్రములు రెండింటిని గూర్చియు హెచ్చరించుచున్నవి. హింసను గొప్పచేసి చూపరాదనియు, అక్కరలేని క్రూరదృశ్యములు ఉండరాదనియు వానిలో స్పష్టముగా గలదు. అయినను ఆచరణము వేరుగా నడచుచున్నది. 2015లో 'స్పెక్టర్' అను జేమ్స్ బాండ్ చిత్రము మన దేశమునకు వచ్చినప్పుడు సెన్సారువారు అందలి ముద్దుల నిడివిని సగమునకు తగ్గించిరి. తుపాకి పట్టి మనుష్యులను చంపుచు పోవుటయే ఆ కథానాయకుని వృత్తి. ఆ వృత్తికి అభ్యంతరము లేదు. ముద్దు ఎంతసేపు ఉండవలయునను దానికి మాత్రము కొలబద్ద వచ్చినది.

చట్టములలో మరియొక విశేషము గలదు. అశ్లీల గ్రంథములను అమ్ముట నేరమని భారత శిక్షాస్మృతి 292వ సెక్షను చెప్పెడిది. 2024 జూలై 1వ తేదీ నుండి ఆ స్థానమున భారతీయ న్యాయసంహిత 294వ సెక్షను అమలులోనికి వచ్చినది. దీనిని గూర్చి విననివారు తక్కువ. 1956లో యువజనులను హానికర ప్రచురణలనుండి కాపాడుటకు పార్లమెంటు వేరొక చట్టము చేసెను. నేరములు, హింస, క్రౌర్యము ముఖ్యముగా చిత్రించి పసిమనస్సులను చెరచు పుస్తకములు దాని గురి. ఈ చట్టము పేరు తెలిసినవారు అరుదు. శాసనము రెండింటిని చెప్పినను సంఘము ఒక్కదానినే జ్ఞాపకముంచుకొన్నది.

తెలుగువారి అనుభవమునందును ఇదియే కానవచ్చును. తంజావూరు ఆస్థానమునకు చెందిన ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరింపగా 1910లో మదరాసున వావిళ్లవారు ప్రకటించిరి. శృంగారము మితిమీరినదను ఆక్షేపణపై నాటి ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆ నిషేధము 1947లో గాని తొలగలేదు. ఆ కావ్యము పసిపిల్లలకు తగినదని ఎవరును అనరు. కాని ఆ సంవత్సరములలోనే తలలు తెగిపడు యుద్ధవర్ణనల పద్యములను విద్యార్థులు వల్లించుచుండిరి. వానివలన మనస్సు చెడునేమోయని ఎవరును శంకింపలేదు. రెండును వర్ణనలే. ఒకదానికి నిషేధము, ఒకదానికి కంఠపాఠము.

2. శాస్త్రము తూచు తీరు

జైన శాస్త్రము ఈ రెండింటిని వేరువేరు త్రాసులలో తూచలేదు. ఒక్క త్రాసులోనే తూచినది. ఆ త్రాసు పేరు భావము.

కర్మాస్రవమునకు మూడు ద్వారములు: తాను చేయుట, ఒకరిచే చేయించుట, చేయుచున్నవానిని చూచి మెచ్చుకొనుట. కృతము, కారితము, అనుమోదితము అని వీనికి పేర్లు. సంరంభము, సమారంభము, ఆరంభము అను మూడు దశలను, మనోవాక్కాయములను మూడు యోగములను, ఈ మూడు ద్వారములను, నాలుగు కషాయములను గుణించినచో 108 భేదములగును. జపమాలలోని 108 పూసలు ఈ భేదములను జ్ఞాపకము చేయునని పెద్దలు చెప్పుదురు. ఈ లెక్కలో మూడవ వంతు, అనగా 36 భేదములు, కేవలము అనుమోదనకు చెందినవి. చేయి కదలకపోయినను, మాట పలుకకపోయినను, లోపల "భళా" అనుకొన్నంత మాత్రమున ఆ లెక్కలో చేరుదుము. ప్రేక్షకుడు చేయునది సరిగా ఇదియే.

ఇక శ్రావకుని గుణవ్రతములలో అనర్థదండవిరతి అనునది ఒకటి. ప్రయోజనము లేకుండ తెచ్చుకొను పాపమును మానుట దీని అర్థము. సమంతభద్రాచార్యులు రత్నకరండక శ్రావకాచారమున అనర్థదండమును ఐదు విధములుగా విభజించిరి: పాపోపదేశము, హింసాదానము, అపధ్యానము, దుఃశ్రుతి, ప్రమాదచర్య. వీనిలో రెండు మన విషయమునకు సంబంధించినవి.

అపధ్యానమనగా చెడు చింతన. ద్వేషమువలన ఇతరుల వధను, బంధమును, అంగచ్ఛేదమును తలపోయుటయు, రాగమువలన పరస్త్రీ మొదలగువారిని తలపోయుటయు అపధ్యానమేయని ఆచార్యులు ఒక్క నిర్వచనములోనే రెండింటిని చేర్చిరి. దుఃశ్రుతియనగా మనస్సును కలుషితము చేయు కథలను వినుట. ఆ కలుషమును కలిగించువానిలో సాహసము, ద్వేషము, రాగము, మదనము ప్రక్కప్రక్కనే లెక్కింపబడినవి. శ్వేతాంబరుల ఉపాసకదశాంగము అనర్థదండమును నాలుగు విధములుగా చెప్పినను అపధ్యానము అందును గలదు. కనుక ఏ ఆమ్నాయమువారికైనను ఇందు భేదము లేదు. చంపుటను తలపోసి సుఖించుట, కామమును తలపోసి సుఖించుట – రెండును శ్రావకునికి వర్జ్యములే.

ఒకవేళ ఈ రెండింటిలో ఏది బరువైనదని ఎవరైన అడిగినచో శాస్త్రము ఏమి చెప్పును? చారిత్రమోహనీయ కర్మమునకు 25 భేదములు. వానిలో 16 కషాయములు. క్రోధము వానిలో మొదటిది. మిగిలిన 9 నోకషాయములు, అనగా ఈషత్కషాయములు. స్త్రీపురుష విషయకమైన కామవేదములు మూడును ఈ రెండవ పట్టికలోనివి. కామము తేలికయని దీని భావము కాదు. క్రోధమును తేలికగా తీసికొనువారికి శాస్త్రమున ఆధారము లేదని మాత్రము తెలియవలయును. మరియు రౌద్రధ్యానము నాలుగు విధములలో మొదటిది హింసానందము. హింసను చూచి ఆనందించుటకు ప్రత్యేకముగా ఒక పేరు పెట్టి, అది నరకగతికి కారణమని ఆచార్యులు హెచ్చరించిరి. నేటి ప్రకటనలలో "రక్తము మరుగును, థియేటరు దద్దరిల్లును" అని ఊరించుచున్నది ఈ హింసానందమునే.

3. పిండికోడి

"తెరమీది రక్తము రంగునీరే గదా, అక్కడ ఎవరును చచ్చుటలేదు గదా" అని అడుగువారు గలరు. వేయి సంవత్సరములకు పూర్వమే ఈ ప్రశ్నకు సమాధానము చెప్పిన కథ జైన సాహిత్యమున గలదు. అదియు తెలుగునేలతో సంబంధమున్నది. సోమదేవసూరి క్రీ.శ. 959లో యశస్తిలక చంపువును ముగించెను. వేములవాడ చాళుక్యుల ఆశ్రయమున ఆయన ఆ గ్రంథము రచించెను. వేములవాడ నేటి తెలంగాణములో రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉన్నది. ఈ కథనే జన్నకవి 1209లో కన్నడమున యశోధరచరితెగా వ్రాసెను. తమిళ జైనులకును యశోదర కావ్యము గలదు.

ఉజ్జయినీ రాజగు యశోధరుడు ఒక రాత్రి తన రాణి అమృతమతి కురూపియగు మావటివానిని కలియుట కన్నులార చూచెను. కత్తి దూసియు, తనను తాను నిగ్రహించుకొని వెనుదిరిగెను. మరునాడు దుఃస్వప్నము వచ్చినదని మాత్రమే తల్లి చంద్రమతికి చెప్పెను. దోషశాంతికి దేవికి బలి ఇమ్మని ఆమె పట్టుబట్టెను. ప్రాణిహింసకు రాజు ఒప్పుకొనలేదు. తుదకు తల్లి మాట త్రోసివేయలేక పిండితో చేసిన కోడిని బలియిచ్చుటకు అంగీకరించెను. ఆ కోడికి ప్రాణము లేదు, రక్తము లేదు. అయినను కత్తి ఎత్తినప్పుడు "చంపుచున్నాను" అను సంకల్పము ఉన్నది. పిమ్మట రాణి విషము పెట్టగా తల్లియు కొడుకును మరణించి, నెమలిగాను, కుక్కగాను మొదలుపెట్టి జంతుజన్మములెత్తి, ఒకరిచే ఒకరును, పరులచేతను చంపబడుచు, తుదకు కోడిజన్మమున ధర్మమును విని అభయరుచి, అభయమతి అను కవలలుగా జన్మించిరి.

ఈ కథలో వ్యభిచారము గలదు. కవులు దానిని దాచలేదు, చెప్పవలసినంత చెప్పిరి. రాణికి ఆమె పాపఫలము ఆమెకు కలిగినది. కాని పెక్కు జన్మముల బాధకు బీజమై కథ నడుమ నిలిచినది పిండికోడి. తెరమీది హత్యయు పిండికోడియే. నటునికి గాయము తగులలేదు, నిజమే. తగిలినది చూచువాని భావమునకు. హింసాచిత్రములు చూచినవారు హింసకులగుదురా కాదా అని పండితులు వాదించుకొందురు. ఆ వాదము ఎటు తేలినను శ్రావకుని లెక్క మారదు. రేపు చేయబోవు పని మాట అటుంచి, ఈ క్షణమున కలిగిన ఆనందమే బంధమునకు చాలును. ఒకడు చేసిన హింసకు పెక్కురు ఫలభాగులు కాగలరని అమృతచంద్రాచార్యులు పురుషార్థసిద్ధ్యుపాయమున బోధించిన భావమును కిక్కిరిసిన హాలులో కూర్చుండి ఒకసారి తలచుకొనదగును.

4. వీరుడు చేసిన హింస

"చచ్చినవాడు దుర్మార్గుడు, చంపినవాడు ధర్మవీరుడు" అనుట రెండవ వాదము. గృహస్థునికి విరోధీహింస, అనగా ఆత్మరక్షణార్థమును దేశరక్షణార్థమును తప్పనిసరియైన హింస, పూర్తిగా నిషిద్ధము కాదు. గంగరాజుల సేనాని చాముండరాయడు యుద్ధములు చేసినవాడే. కాని అట్టి హింస విచారముతో చేయదగినది. వేడుకగా చూడదగినది కాదు. సంకల్పీహింస మాత్రము గృహస్థునికిని సర్వథా వర్జ్యము. నేటి కథలను పరిశీలింపుడు. మొదటి గడియలో నాయకుని చెల్లెలికో తల్లికో అన్యాయము జరుగును. ఆ అన్యాయము ఒక అనుమతిపత్రము వంటిది. అది చేతికందిన పిమ్మట మిగిలిన రెండు గడియలును ఎంత క్రూరముగా చంపినను ప్రేక్షకునికి పశ్చాత్తాపము కలుగదు. విరోధీహింస పేరుతో సంకల్పీహింసను అమ్ముట ఇదియే.

మన వీరకథ ఎట్లు నడచినదో చూడుడు. భరత బాహుబలుల సైన్యములు ఎదురెదురుగా నిలిచినప్పుడు, నిరపరాధులగు భటులు చావరాదని మంత్రులు వారించిరి. అన్నదమ్ములిద్దరే దృష్టియుద్ధము, జలయుద్ధము, మల్లయుద్ధము చేసిరి. గెలిచిన బాహుబలి అన్నను నేలకు కొట్టలేదు, పైకెత్తి దించెను. రాజ్యము విడిచి తపమునకు పోయెను. ఆ కథలో ఉత్కంఠకు లోటు లేదు. శవము మాత్రము లేదు.

5. దేహము దోషము కాదు

ఆ బాహుబలికే చాముండరాయడు క్రీ.శ. 981 ప్రాంతమున శ్రవణబెళగొళమున సుమారు 57 అడుగుల విగ్రహము నిలిపెను. అది దిగంబర విగ్రహము. పండ్రెండేండ్లకొకసారి జరుగు మహామస్తకాభిషేకమునకు లక్షలాది జనులు పిల్లాపాపలతో వచ్చుచున్నారు; 2018లోను వచ్చిరి. తల్లులు బిడ్డలను భుజములకెత్తి ఆ మూర్తిని చూపుదురు. అక్కడ ఎవరును బిడ్డ కన్నులు మూయరు. నగ్నత తనంతట తాను అశ్లీలము కాదని ఇంతకంటె స్పష్టముగా చెప్పనక్కరలేదు. కలుషము దేహములో లేదు. దేహమును సరకుగా చూపు దృష్టిలో ఉన్నది.

న్యాయస్థానములును కొంతవరకు ఈ త్రోవకే వచ్చినవి. 1970లో కె.ఎ. అబ్బాస్ కేసున మన సుప్రీంకోర్టు ముందస్తు సెన్సారును సమర్థించుచునే, శృంగారమును అశ్లీలమును ఒకటిగా భావింపరాదనియు, ఏ విషయము తీసికొనిరను దానికంటె దానిని ఎట్లు నడిపిరనుట ముఖ్యమనియు వివరించినది. ఇదే కొలతను హింసకును పట్టవలయును. హింసవలని దుఃఖమును చూపి జుగుప్స కలిగించు చిత్రమొకటి. హింసను పండుగగా చూపు చిత్రమొకటి. రెండింటిలోను రక్తము ఉండవచ్చును. భావము ఒకటి కాదు. స్త్రీపై బలాత్కారమును చూచువానికి ఊరట కలుగునట్లు తీసిన దృశ్యమున హింసానందమును కామమును రెండును కూడుకొనియున్నవి. అది అన్నిటికంటె హేయము.

నేమినాథస్వామి చరిత్రము ఈ సందర్భమున మరువదగినది కాదు. ఆయన పెండ్లికి తరలివచ్చుచు, విందుకొరకు కట్టివేసిన పశువుల ఆక్రందనము విని, రథము మరలించి గిరినారుకు పోయెను. రాజీమతి సౌందర్యము ఆయనకు అడ్డు కాలేదు. అలంకరించిన పెండ్లిపందిరి అసహ్యము కాలేదు. వేడుక చాటున దాగియున్న వధ ఆయనను కదల్చినది. ఊరేగింపులో ఆ ఆక్రందనము ఎందరి చెవులనో సోకియుండును. ఆగినవాడు ఒక్కడు.

6. ఇంట ఆచరింపదగినవి

సినిమాలను, ఆటలను పూర్తిగా మానుమని చెప్పుట సులభము, సాగుట కష్టము. శ్రావకధర్మము క్రమక్రమముగా నియమములను స్వీకరింపుమనుచున్నది. కనుక కొన్ని సులభమైన పద్ధతులు అనుసరింపవచ్చును.

మొదటిది, చిత్రమునకు పిల్లలను తీసికొనిపోవుటకు ముందు "అసభ్య దృశ్యములు ఉన్నవా?" అని విచారించునట్లే "చంపుటను వేడుకగా చూపినారా?" అనియు విచారింపవలయును. 2023 నాటి సవరణచట్టము ప్రకారము యు.ఎ. యోగ్యతాపత్రములో 7, 13, 16 ఏండ్లను వయోభేదములు వచ్చినవి. వానిని చూచుట అలవాటు చేసికొనవలయును.

రెండవది, పర్యుషణ, దశలక్షణ పర్వదినములలో పచ్చికూరలు విడుచునట్లే హింసావినోదములను విడుచుటకు నియమము పట్టవచ్చును. నాలుకకు సంయమము నేర్పినవారు కంటికిని నేర్పగలరు.

మూడవది, పిల్లలతో మాట్లాడవలయును. తెరమీద పేరులేక కూలిన భటునికిని తల్లి యుండునని ఒక్క మాట చెప్పినచో చాలును. అట్లే స్త్రీపురుషుల ప్రేమను గూర్చి బిడ్డ అడిగినప్పుడు దగ్గి ఊరకుండక, వయస్సుకు తగినట్లు గౌరవముతో సమాధానము చెప్పవలయును. ప్రేమను గూర్చి ఇంట మౌనము, చంపుటను గూర్చి ఇంట చప్పట్లు – ఈ రెండును కలిసి బిడ్డకు నేర్పు పాఠము ఏ తల్లిదండ్రులును కోరునది కాదు.

నాలుగవది, ప్రతిక్రమణ సమయమున చేతులు చేసిన తప్పులతోపాటు కన్నులు మెచ్చిన తప్పులను తలచి ఆలోచన చేయవలయును. అనుమోదన దోషము కంటికి కనబడదు గనుక దానిని వెదకి పట్టవలసినవాడు తానే.

నీటిని వడగట్టు గుడ్డ ప్రతి జైనగృహమునందును ఉన్నది. కంటికి కనబడని ప్రాణికొరకు అంత శ్రద్ధ వహించు సంఘము, కంటియెదుట జరుగు వధను చూచి కలుగు ఆనందమును వడగట్టలేకపోవుట అశక్తతవలన కాదు. అది కూడ హింసయేయని తలంపకపోవుటవలన. ఆ తలంపు కలిగిననాడు మొదటి వ్రతము తిరిగి మొదటి స్థానమున నిలుచును.

పాఠశాల విద్యార్థులకు ప్రశ్నలు

1. కృత, కారిత, అనుమోదితములకు నిత్యజీవితమునుండి ఒక్కొక్క ఉదాహరణము వ్రాయుము.
2. అపధ్యాన నిర్వచనమున ద్వేషమును రాగమును ఏల ఒకచోట చేర్చిరి?
3. పిండికోడికి ప్రాణము లేకున్నను యశోధరునికి పాపము ఎట్లు కలిగెను?
4. విరోధీహింసకును సంకల్పీహింసకును భేదమేమి? ఇటీవల చూచిన ఒక కథను ఈ భేదముతో పరిశీలింపుము.
5. నేమినాథస్వామి రథము మరలించుటకు కారణమేమి? ఆ కారణమునుండి నేటి ప్రేక్షకుడు గ్రహింపదగినదేమి?